పక్క ట్రంకుపెట్టె ఎవరిది?

తొలకరి పడి రెండు రోజులైంది. పత్తి గింజలు పెట్టే రోజులు. అలాంటప్పుడు పల్లెల్లో ఎవరికీ క్షణం తీరిక ఉండదు. అయినా ఆ రోజు పొద్దున్నే మా ఆడపడుచు బస్సు దిగి గుంటూరులో మా గుమ్మం ముందు నిలబడింది. చేతిలో సంచీ అయినా కింద పెట్టకుండా, "వదినా, పిల్లని ఏడాది పాటు హిందీవాళ్ళ జిల్లాకి పంపిస్తారంట" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పిల్లంటే తన పెద్దకూతురు. నవోదయ స్కూల్లో ఎనిమిది పూర్తిచేసి తొమ్మిదిలోకి వచ్చింది. ఆ క్లాసు నుంచి కొంతమందిని ఎంపిక చేసి ఉత్తరాదిలో హిందీ మాట్లాడే జిల్లాలోని నవోదయకి పంపుతారు. అక్కడి పిల్లలు కొందరు ఇక్కడికొస్తారు. ఆ జాబితాలో మా మేనకోడలి పేరుంది.

"ఆరో క్లాసులో చేర్చినప్పుడే కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు. అప్పుడు సీటొచ్చిందన్న సంబరంలో ఎవరు చదివారు! ఇప్పుడు వెళ్ళనంటే ఇక్కడ కూడా ఉండనివ్వరట. మీ తమ్ముడుగారేమో టీసీ తీసేసుకుందాం, ఇక్కడే ఏదన్నా రెసిడెన్షియల్‌లో వేద్దాం అంటున్నారు. మీరు అన్నయ్యతో చెప్పి ఏదో ఒకటి తేల్చండి" అంది.

లోపలి గదిలోంచి మా అత్తగారు అందుకున్నారు. "పదమూడేళ్ళ ఆడపిల్లని, భాష తెలీని చోటికి పంపుతారా ఎవరైనా? చదువుకోకపోతే మానె!"

నాకేం చెప్పాలో వెంటనే తోచలేదు. ఎందుకంటే ఆ సరికే నా మనసులో వేరే బాధ ఒకటుంది.

మన హాస్టళ్ళ కథ

మా గుంటూరు, ఒంగోలు వైపు పిల్లల్ని హాస్టల్లో వేయడం వింతేం కాదు కదండీ. మిరప ధర బాగున్న ఏడాది ఫీజు ముందే కట్టేస్తాం, బాగాలేని ఏడాది అప్పు చేసి కడతాం. ఎలాగైనా హాస్టలు మాత్రం తప్పదు. మా అబ్బాయిని కూడా ఇంటర్‌కి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. తెల్లవారుజామున లేపి చదివించారు, రాత్రి పొద్దుపోయేదాకా చదివించారు. మార్కులు బాగానే వచ్చాయి.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒకరోజు బట్టలు సర్దుతూ మాటవరసకి అడిగాను. "ఒరేయ్, నీ పెట్టె పక్కన పెట్టె ఎవరిదిరా?"

"ఎవరో అమ్మా. వేరే సెక్షను వాడు."

"ఏ ఊరు?"

"తెలీదు. అడగలేదు."

రెండో ఏడాది సగం గడిచిన తర్వాత వాడు చెప్పిన మాట అది. పక్కపక్కనే పడుకుంటారు, ఒకే కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటారు. అయినా ఆ అబ్బాయిది నరసరావుపేటో, కందుకూరో వీడికి తెలీదు. తప్పు వాడిది కాదు. ర్యాంకు కోసం పంపాం, ర్యాంకు కోసమే ఉన్నాడు. ఫీజెంత, ఫ్యాన్లున్నాయా, క్రితం ఏడాది ర్యాంకులెన్ని అని నేను వెయ్యి ప్రశ్నలు వేశాను గానీ, వీడు ఎవరితో కలిసి బతకబోతున్నాడని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ మధ్య ఒక కథ రాయడం కోసం హాస్టలు చదువుల గురించి రకరకాల పుస్తకాలు తిరగేశాను. అప్పుడు తెలిసిందేమంటే, ప్రపంచంలో కొన్ని హాస్టలు స్కూళ్ళు పుట్టింది ఆ ప్రశ్న కోసమేనట. పక్క పెట్టె ఎవరిదై ఉండాలి? ముందు దాన్ని తేల్చుకుని, పాఠాల సంగతి తర్వాత చూసుకున్నారు.

శత్రువుల పిల్లలు ఒకే గదిలో

కర్ట్ హాన్ అని జర్మనీలో ఒక పంతులుగారు ఉండేవారు. యూదుడు. 1920లో సేలం అనేచోట ఒక రెసిడెన్షియల్ స్కూలు మొదలుపెట్టారు (మన తమిళనాడు సేలం కాదు సుమండీ, జర్మనీలోది). హిట్లర్ మనుషుల దౌర్జన్యాల్ని బాహాటంగా తప్పుపట్టినందుకు 1933లో జైల్లో పెట్టారు. బయటికొచ్చాక బ్రిటన్ చేరుకుని, 1934లో స్కాట్లండులో గోర్డన్‌స్టన్ అనే స్కూలు పెట్టారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసి పదేళ్ళయింది. 1955లో ఆయన ఒక సైనిక శిక్షణ కళాశాలకి ప్రసంగించడానికి వెళ్ళారు. అక్కడ కొన్నేళ్ళ క్రితం దాకా ఒకరినొకరు కాల్చుకున్న దేశాల అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చుని కలిసి పనిచేస్తున్నారు. ముదిరిన సైనికులే ఇలా మారగలిగితే, మనసులు ఇంకా గట్టిపడని పదహారేళ్ళ పిల్లల్ని కలిపి ఉంచితే ఎలా ఉంటుంది? ఆ ఆలోచనలోంచే 1962లో వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఒక పాతకోటలో అట్లాంటిక్ కాలేజీ మొదలైంది. మొదట్లో మగపిల్లలకే. ఆడపిల్లల్ని 1967 నుంచి చేర్చుకున్నారు. శాంతి గురించి ఆలోచించేవాళ్ళకి కూడా ఆడపిల్లలు కాస్త ఆలస్యంగానే గుర్తొస్తారన్నమాట!

హాన్‌గారు పిల్లల్ని ఒకచోట పడుకోబెట్టి ఊరుకోలేదు. కలిసి తిన్నంత మాత్రాన స్నేహం కుదరదనీ, కలిసి కష్టపడితేనే కుదురుతుందనీ ఆయన నమ్మకం. అందుకని ఆ పిల్లలకి సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే పని అప్పగించారు. దానికోసం పిల్లలూ, ఒక మాజీ నౌకాదళాధికారి అయిన ప్రిన్సిపాలూ కలిసి అడుగు గట్టిగా ఉండి, చుట్టూ గాలి నింపిన గొట్టం ఉండే పడవని తయారుచేశారు. ఇవాళ ప్రపంచమంతటా రక్షణదళాలు వాడుతున్న ఆ రకం పడవకి పునాది పడింది ఆ స్కూల్లోనే.

ఆ కాలేజీ తర్వాత 'యునైటెడ్ వరల్డ్ కాలేజెస్' అనే పెద్ద కుటుంబమైంది. ఇప్పుడు వివిధ దేశాల్లో 18 ఉన్నాయి. అందులో రెండింటి సంగతి వింటే ఒళ్ళు ఝల్లుమంటుంది.

దక్షిణాఫ్రికాలో నల్లపిల్లలకో బడి, తెల్లపిల్లలకో బడి అని చట్టమే ఉన్న రోజుల్లో, 1963లో, పక్కనున్న చిన్నదేశం స్వాజీలాండులో (దాన్నే ఇప్పుడు ఎస్వాటినీ అంటున్నారు) వాటర్‌ఫర్డ్ స్కూలు పెట్టారు. అన్ని రంగుల పిల్లలూ ఒకే గదిలో ఉండే బడి. నెల్సన్ మండేలా జైల్లో ఉండగా ఆయన కూతుళ్ళు చదివింది అక్కడే. తర్వాత 1990లలో ఆయనే ఈ కాలేజీల సంస్థకి అధ్యక్షుడిగా ఉన్నారు.

రెండోది బోస్నియాలోని మోస్తార్ పట్నంలో. 1992 నుంచి 1995 దాకా అక్కడ జరిగిన యుద్ధంలో ఇరుగుపొరుగే ఒకరినొకరు చంపుకున్నారు. ఊరి నడుమ ఉన్న వందల ఏళ్ళనాటి రాతివంతెన 1993లో కూలిపోయింది. యుద్ధం ఆగాక కూడా ఒకే కప్పు కింద ఒక తెగ పిల్లలకి ఒక పాఠాలు, ఇంకో తెగ పిల్లలకి ఇంకో పాఠాలు. వంతెనని 2004లో మళ్ళీ కట్టారు. 2006లో, అలా రెండుగా చీలిన ఆ పాత హైస్కూలు భవనంలోనే ఈ కాలేజీ తెరిచారు. అక్కడి రెండు వర్గాల పిల్లలూ, లోకంలోని పలు దేశాల పిల్లలూ కలిసి చదువుతారు.

మనదేశంలో కూడా ఒకటుంది. 1997లో పుణె దగ్గర కొండల్లో మొదలైన మహీంద్రా కాలేజీ. ఇంటర్ వయసు పిల్లలకి రెండేళ్ళ చదువు. ఫీజు మన ఊహకందదు గానీ, ఎంపికైన పిల్లల ఇంటి స్తోమతని బట్టి స్కాలర్‌షిప్పులు ఇస్తారు.

మన మదనపల్లె అబ్బాయి

ఇదంతా దొరల దేశాల సంగతి అనుకోకండి. 1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు కూడా ఇదే దారిలో నడిచారు. నేను ఫలానా దేశంవాణ్ణి, ఫలానా మతంవాణ్ణి అని మనిషి గీత గీసుకోవడంలోనే గొడవంతా ఉందని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చారు. ఆ మాట పెద్దవాళ్ళకి చెప్పి లాభం లేదనుకున్నారో ఏమో, స్కూళ్ళు పెట్టారు. 1920లలో పుట్టిన ఊరికి దగ్గర్లోనే రిషీవ్యాలీకి స్థలం చూశారు. 1969లో ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్కు అని పెట్టారు. అది చిన్న హాస్టలు స్కూలు. పలుదేశాల పిల్లలు చేరతారు, అందరికీ శాకాహారమే. మదనపల్లె తెలుగింటి పిల్లాడు ఇంగ్లండులో అంతర్జాతీయ పాఠశాల పెట్టాడంటే, ఎందుకో మన ఇంటి విషయంలా అనిపించింది నాకు.

అయితే ఇక్కడే మా ఆడపడుచు లాంటివాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇవన్నీ డబ్బున్నోళ్ళకి కదా వదినా? మూడెకరాల పత్తి చేను పెట్టుకుని మనం ఎక్కడికి పోతాం?"

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన దగ్గర్లోనే, చిలకలూరిపేట పక్కన మద్దిరాలలో ఉంది. ప్రకాశం వాళ్ళకి ఒంగోలులో ఉంది.

కూలివాళ్ళ పిల్లకీ అందే చదువు

నవోదయ విద్యాలయాలు 1986 నాటి జాతీయ విద్యావిధానంతో దేశమంతా వచ్చాయి. మొదటి రెండూ 1985-86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో తెరిచారు. అప్పట్లో కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్నది మన పి.వి. నరసింహారావుగారు. అంతకుముందే 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టించిన మనిషి ఆయన. మన తాడికొండ గురుకులం ఆ మరుసటి ఏడాదిది. ఇప్పుడు నవోదయలు ఒక్క తమిళనాడు తప్ప దేశమంతటా కలిపి 650కి పైగా ఉన్నాయి.

అయిదో తరగతి చదువుతున్న పిల్లలకి పరీక్ష పెట్టి ఆరులో చేర్చుకుంటారు. ఒక పిల్లకి ఆ అవకాశం ఒకేసారి. పరీక్ష మన తెలుగులోనే రాయొచ్చు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. మూడోవంతు ఆడపిల్లలకి. తిండి, బస, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా వికాస నిధి కింద నెలనెలా కొంత కట్టించుకుంటారు గానీ, ఆడపిల్లలకి అదీ లేదు.

ఇదంతా చాలామందికి తెలుసు. మా ఇంట్లో ఏడుపులకి కారణమైన ఆ మైగ్రేషన్ సంగతే ఎవరూ సరిగ్గా పట్టించుకోరు. తొమ్మిదో తరగతిలో సుమారు 30 శాతం పిల్లలు ఒక విద్యా సంవత్సరం పాటు భాష మారిన చోటికి వెళ్ళాలి. హిందీ జిల్లా పిల్లలు మన దగ్గరికి, మన పిల్లలు హిందీ జిల్లాకి. పదో తరగతికి మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళు. ఇలా పంపుకునే స్కూళ్ళని జతలుగా కలుపుతారు. అందుకే తెలుగు జిల్లాతో జతపడిన హిందీ ప్రాంతపు నవోదయలో అక్కడి పిల్లలు మూడో భాషగా మన తెలుగు నేర్చుకుంటారు. ఎక్కడో గోధుమ చేల మధ్య ఒక బడిలో పిల్లలు అ ఆ ఇ ఈ దిద్దుతుంటారని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది.

హాన్‌గారు కోటలో చేసిన పనినే మన ప్రభుత్వం రేకు ట్రంకుపెట్టెలతో, రైలు టిక్కెట్లతో చేస్తోందన్నమాట. పైసా ఫీజు లేకుండా.

ఈ మాటలన్నీ ఆ రోజు మా ఆడపడుచుతో చెప్పాను. మా అబ్బాయి పక్క పెట్టె సంగతీ చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "దాన్నే అడుగుదాం" అంది. ఫోనులో అడిగితే పిల్ల ఒక్కటే అంది. "మా హౌసులో నలుగురం వెళ్తున్నాం. నేనొక్కదాన్నే ఎందుకు ఉండిపోవాలి?"

గోంగూర, మద్రాసీ, రజాయి

మా అత్తగారు కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, గోంగూర పచ్చడి సీసాల్లో పెట్టి, మూతలకి గుడ్డలు కట్టి ఇచ్చారు. "చదువుకోకపోతే మానె" అన్న మనిషే! టీచర్లు వెంట ఉండి పిల్లలందర్నీ రైల్లో తీసుకెళ్ళారు.

మొదటి నెలంతా ఏడుపే. దాచడమెందుకు? చపాతీలు గొంతు దిగడం లేదనేది. అన్నం పెడతారు గానీ అది మన అన్నంలా లేదనేది. మా ఆడపడుచు ఫోను పెట్టేసి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచేది.

తర్వాత గొడవలు. అక్కడి పిల్లలు వీళ్ళని "మద్రాసీలు" అన్నారట. దేశపటం తెచ్చి గుంటూరు ఎక్కడో, మద్రాసు ఎక్కడో చూపించినా మళ్ళీ అదే మాట. వీళ్ళకి కోపం వచ్చింది. "మేం కూడా వాళ్ళకి అర్థం కాకుండా తెలుగులో పేర్లు పెట్టాం అత్తయ్యా. బండది, చీమిడిముక్కుది... అలా! వాళ్ళకి ఆరో క్లాసు నుంచి తెలుగుందని మర్చిపోయాం" అని తిరిగొచ్చాక నవ్వుతూ చెప్పింది. ఆ రోజు మాత్రం నవ్వులు లేవు. ఇరువైపులా ఏడ్చుకున్నారు. టీచరుగారు అందర్నీ కూర్చోబెట్టి, ఎవరెవరు ఎవర్నేమన్నారో వాళ్ళ నోటితోనే చెప్పించి, ఆ మాట పడ్డవాళ్ళకి ఎలా అనిపించిందో చెప్పించారట.

మేనకోడలి పెట్టె పక్కన పెట్టె ఒక రైతు కూతురిది. గోధుమ, చెరుకు పండిస్తారు. గొడవ తర్వాత వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఇంతలో చలికాలం వచ్చింది. మన కృష్ణా తీరపు పిల్లలకి ఆ చలి ఏం తెలుసు? ఒక రాత్రి మావాళ్ళమ్మాయి వణుకుతుంటే, ఆ పిల్ల ఏమీ మాట్లాడకుండా లేచి తన రజాయి తెచ్చి ఇద్దరికీ కలిపి కప్పేసిందట. మర్నాడు ఈ పిల్ల గోంగూర సీసా తీసింది. ఆ పిల్ల ఒక్క ముద్ద తిని, కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా ఇంకొంచెం పెట్టమందట!

వాళ్ళు చెప్పుకున్న కబుర్లలో ఒకటి నా మనసులో ఉండిపోయింది. ఆ పిల్ల వాళ్ళమ్మ మామగారి ఎదుట ముఖం మీదికి కొంగు దించుకోవాలి. అది విని మావాళ్ళమ్మాయి, "మా అమ్మ అలా కాదు, పొలానికి వెళ్తుంది, బ్యాంకుకి వెళ్తుంది, అందరితో మాట్లాడుతుంది" అని గొప్పగా చెప్పింది. ఆ పిల్ల బోలెడు ఆశ్చర్యపోయి, "అయితే మీ ఊళ్ళో కట్నాలు ఉండవా?" అని అడిగిందట.

"ఏం చెప్పావే?" అన్నాను.

"ఏం చెప్పను? ఎకరాల లెక్కన ఇస్తారని చెప్పా. అప్పుడది, మా ఊళ్ళో కూడా అంతే అంది. ఇద్దరం ఒకేసారి నిట్టూర్చాం అత్తయ్యా."

పద్నాలుగేళ్ళ పిల్లలు! ఇద్దరిలో ఎవరి ఊరూ గొప్పది కాదని, ఎవరి ఊరూ తక్కువది కాదని వాళ్ళకి వాళ్ళే తేల్చుకున్నారు. అది పుస్తకంలో పాఠంగా పెడితే పరీక్షకి బట్టీ పట్టి మర్చిపోయేవాళ్ళు.

తిరిగొచ్చాక

పిల్ల వెనక్కొచ్చిన వేసవిలో ఒక సంగతి జరిగింది. వాళ్ళ ఊరి దగ్గర పత్తి జిన్నింగు మిల్లులో బీహారు నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తారు. ఊళ్ళో అందరూ వాళ్ళని "హిందీవాళ్ళు" అంటారు. పేర్లెవరికీ తెలీదు. ఏ ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా ముందు వాళ్ళ మీదికే చూపు పోతుంది.

ఒకరోజు మందుల షాపు దగ్గర ఒక కుర్రాడు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. షాపతనికి అర్థం కాక విసుక్కుంటున్నాడు. ఇది పక్కనే నిలబడి విని, "అంకుల్, అతనికి కాదు, వాళ్ళ చెల్లికి మూడు రోజులుగా జ్వరం, వాంతులవుతున్నాయంట. డాక్టరు ఎక్కడుంటారని అడుగుతున్నాడు" అని చెప్పింది. అంతటితో ఆగలేదు. వాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళమని వాళ్ళ నాన్నని పంపించింది. టీసీ తీసేద్దామన్న నాన్ననే!

ఇప్పుడు ఆ కుర్రాడి పేరు ఇంట్లో అందరికీ తెలుసు. పండక్కి అరిసెలు పంపుతారు. ఆయన చెల్లెలు మా ఆడపడుచుని 'చాచీ' అంటుంది. శాంతి అంటే పెద్దపెద్ద దేశాల మధ్య సంతకాలు పెట్టుకునే వ్యవహారం అనుకుంటాం గానీ, మందుల షాపు ముందు కూడా దాంతో పనిపడుతుంది.

పంపే ముందు

ఇలా అన్నానని ప్రతి పిల్లనీ రైలెక్కించేయమని కాదండోయ్. కొందరు పిల్లలకి ఇల్లు వదిలితే ఆరోగ్యం పాడవుతుంది, మనసు కుంగుతుంది. అలాంటి పిల్లని మొండిగా పంపకూడదు. ఇంకోమాట. రకరకాల పిల్లల్ని ఒకచోట పడేస్తే స్నేహం దానంతటది పుట్టదు. మద్రాసీ గొడవ రోజున కూర్చోబెట్టి మాట్లాడించే టీచరు లేకపోయి ఉంటే, మా పిల్ల ఏడాదంతా పగ పెంచుకుని వచ్చేదేమో.

కాబట్టి ఏ హాస్టలైనా సరే, అది నవోదయ కావచ్చు, ఫీజు కట్టే ప్రైవేటు స్కూలు కావచ్చు, చేర్చే ముందు మనం కొన్ని అడగాలి. గదిలో పిల్లల్ని ఎలా కలుపుతారు? ఒకే ఊరివాళ్ళనీ, ఒకే కులంవాళ్ళనీ ఒకచోట పోగుచేస్తారా, కలగలుపుతారా? పిల్లలు కలిసి చేసే పని ఏదన్నా ఉందా? తోట, వంట, ఆట, ఏదైనా సరే. గొడవపడితే ఎవరు మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు? ఇంటికి మాట్లాడే వీలు ఎన్నాళ్ళకోసారి? ఇంటర్నేషనల్ అని బోర్డు మీద రాసుకున్న స్కూళ్ళు ఇప్పుడు ఊరికొకటి ఉన్నాయి. లోపల ఒక్క పక్క రాష్ట్రం పిల్లయినా ఉందో లేదో చూసుకోండి.

ఆడపిల్లయితే ఇంకొంచెం జాగ్రత్త. నెలసరి సంగతులన్నీ ముందే విడమరిచి చెప్పి, కావలసినవి పెట్టెలో సర్ది పంపాలి. ఒంట్లో బాగోకపోయినా, ఎవరి ప్రవర్తన తేడాగా అనిపించినా సిగ్గుపడకుండా ఏ మేడమ్‌కి చెప్పాలో, మనకెలా చెప్పాలో నేర్పాలి. హద్దులు తెలిసిన పిల్ల ఎక్కడైనా ధైర్యంగా ఉంటుంది.

రెండు డబ్బాలు

మా ఆడపడుచు గురించి ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. పెద్దపిల్ల ఉత్తరాదిన ఉన్న ఏడాదే చిన్నవాడికి కూడా నవోదయలో సీటొచ్చింది. వాణ్ణి చూడ్డానికి వెళ్ళే రోజున తను ఎప్పుడూ రెండు డబ్బాలు కట్టేది. ఒకటి వాడికి. ఇంకోటి ఎవరికని అడిగాను.

"అట్నించి వచ్చిన ఆడపిల్లలున్నారు కదా వదినా. అందరి అమ్మలూ వస్తారు, వాళ్ళ అమ్మలు అంతదూరం నుంచి ఎలా వస్తారు? పిల్లలు అలా చూస్తూ నిలబడతారు. అందుకని కాస్త కారం తగ్గించి పులిహోర కలిపా" అంది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఇంటికి ఫోను చేసినప్పుడు ఈ సంగతి వాళ్ళమ్మకి చెప్పిందట. ఆ తల్లి తనుండే ఊరి బడిలోనే మన పిల్లలున్నారని గుర్తుచేసుకుని, మావాళ్ళమ్మాయినీ మిగతా ముగ్గుర్నీ వెతుక్కుంటూ వెళ్ళి బెల్లం కలిపిన నువ్వులుండలు ఇచ్చి వచ్చిందట. ఈ తల్లికి హిందీ రాదు, ఆ తల్లికి తెలుగు రాదు. ఒకరినొకరు ఇప్పటిదాకా చూసుకోలేదు.

మొన్న మిరప కళ్ళంలో కాయలు ఎండబోసే రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళాను. అటక మీద పాత ట్రంకుపెట్టె దించి, తుడిచి, ఎండలో పెట్టారు. వచ్చే ఏడాది చిన్నవాడు తొమ్మిదిలోకి వస్తాడు. జాబితాలో పేరుంటుందో లేదో ఇంకా తెలీదు.

"ఉంటే పంపుతావా?" అన్నాను.

మా ఆడపడుచు జవాబు చెప్పేలోపే, మంచం మీద కూర్చుని కాయల తొడిమలు తీస్తున్న మా అత్తగారు అందుకున్నారు.

"గోంగూర ఈసారి రెండు సీసాలు పెట్టాలి. పక్క పెట్టెవాడు కూడా తింటాడుగా!"